మన పన్ను ఎటు పోతోంది: బెంగళూరులో ఏ నియోజకవర్గానికి ఎంత, ఎవరు తేలుస్తారు?

వర్తూరు_వాసి

అందరికీ నమస్కారం. వర్తూరు, గుంజూరు, పాణత్తూరు వైపు ఉండే తెలుగువాళ్లు ఈ ఫోరంలో చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను.

మా లేఅవుట్ నుంచి మెయిన్ రోడ్డుకి వచ్చే దారిని పైపులైను కోసం తవ్వారు. పైపు వేశారు, మట్టి కప్పారు, వెళ్లిపోయారు. వాన పడితే స్కూల్ వ్యాను లోపలికి రాదు, పిల్లల్ని మేమే బురదలో మెయిన్ రోడ్డు దాకా నడిపించుకెళ్లాలి. మా అసోసియేషన్ పెద్దలు ఇంజినీరుని కలిస్తే ఆయన మర్యాదగానే మాట్లాడారు. "ఎస్టిమేట్ ఎప్పుడో పంపాను సార్, గ్రాంటు లేదు. ఎమ్మెల్యే లెటర్ తెస్తే ఏదో ఒక హెడ్ (బడ్జెట్ ఖాతా) కింద పెట్టిస్తాను" అన్నారు.

నాకు ఆ మాటే మింగుడు పడలేదు. రోడ్డు పాడైందని ఇంజినీరే ఒప్పుకుంటున్నాడు. ఎంత ఖర్చవుతుందో లెక్క వేసి పెట్టాడు. బీబీఎంపీ (మొన్నటిదాకా ఉన్న బెంగళూరు నగర పాలక సంస్థ) జోన్లు ఉన్నప్పుడు అన్ని జోన్లలోకీ ఎక్కువ ఆస్తి పన్ను వచ్చింది మా మహదేవపుర నుంచే. ఇంకేం కావాలి? నిధులు దేన్ని బట్టి పంచుతారు? జనాభానా, పన్నా, అవసరమా, ఓట్లా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అన్న గొడవ వద్దు. పద్ధతి తెలుసుకోవాలని అడుగుతున్నాను.

శివాజీనగర్_నివాసి

మీ రోడ్డు సంగతి నిజంగా బాధాకరం. కానీ "మేం ఎక్కువ పన్ను కడుతున్నాం, మాకు ఎక్కువ రావాలి" అన్న వాదన మాత్రం నేను ఒప్పుకోనండీ. ఆ లెక్కన ఒంటిగది ఇళ్లు ఉండే వీధికి ఎప్పటికీ డ్రైనేజీ రాదు. మా వైపు మోరీలు చాలా పాతవి, గట్టి వాన పడితే మురుగు ఇళ్లలోకి వస్తుంది. అక్కడివాళ్లు కట్టే పన్ను తక్కువే, కానీ ఆ మురుగులో పడుకోవాల్సింది వాళ్లే కదా. మీ ప్రశ్నలో అవసరం అన్న ముక్క పట్టుకోండి, పన్ను ముక్క వదిలేయండి.

వర్తూరు_వాసి

అవసరం లెక్కనే చూద్దాం సార్. మా చుట్టుపక్కల ఊళ్లు ఆ 110 గ్రామాల జాబితాలోవి. 2007లో వాటిని బీబీఎంపీలో కలిపారు. ఆ ఊళ్లకి నీళ్లిచ్చే కావేరీ ఐదో దశ పథకం ప్రారంభమైంది 2024 అక్టోబర్‌లో. మధ్యలో 17 ఏళ్లు బోరు నీళ్లు, ట్యాంకర్లు. 2024 మార్చిలో నీళ్లకి ఎంత కటకటలాడామో ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అవసరం ఉంటే చాలదని మాకు అనుభవంలో తెలిసింది, అందుకే అడుగుతున్నా.

లెక్కల_టీచరమ్మ

మంచి ప్రశ్న. ముందు చిన్న డబ్బు, పెద్ద డబ్బు విడదీసి చూడాలి. లేకపోతే అంతా కలగాపులగం అవుతుంది.

చిన్న డబ్బు అంటే ఎమ్మెల్యే స్థానిక అభివృద్ధి నిధి. కర్ణాటకలో ఏడాదికి 2 కోట్లు. 224 నియోజకవర్గాలకూ ఒకటే. చూడ్డానికి సమానంగానే ఉంది. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి మహదేవపురలో ఓటర్లు సుమారు ఆరున్నర లక్షలు. శివాజీనగర్‌లో సుమారు 2 లక్షలు. భాగించి చూడండి. శివాజీనగర్ ఓటరుకి తలకి 100 రూపాయలు, మహదేవపుర ఓటరుకి 31 రూపాయలు. ఇందులో ఎవరి కుట్రా లేదు. ఇప్పటి హద్దులు 2001 జనాభా లెక్కల మీద గీసినవి, 2008 ఎన్నికల నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ తర్వాత ఐటీ కారిడార్ చుట్టూ ఊరు ఎలా పెరిగిందో మీకే తెలుసు. హద్దులు కదల్లేదు, జనం కదిలారు.

ఎంపీ నిధి కూడా ఇంతే. పీవీ నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా 1993 డిసెంబర్‌లో మొదలైంది. ఎంపీకి 5 లక్షలతో మొదలై 2011-12 నుంచి ఏడాదికి 5 కోట్లు అయింది. ఇది రాజ్యాంగానికి విరుద్ధమని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్తే 2010లో కోర్టు పథకాన్ని సమర్థించింది. ఇక్కడ ఎంపీ పనిని సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు చేసి అమలు చేయించేది జిల్లా యంత్రాంగం. మొత్తం అందరికీ సమానం కాబట్టి ఇందులో పక్షపాతానికి చోటు తక్కువ.

అసలు తేడా వచ్చేది పెద్ద డబ్బులో. ముఖ్యమంత్రి ప్రత్యేక గ్రాంట్లు, నగరోత్థాన లాంటి ప్యాకేజీలు, నగరాభివృద్ధి మంత్రి చేతిలో ఉండే నిధులు. వీటిలో ఏ నియోజకవర్గానికి ఎంత అన్నదానికి పంపక సూత్రం ఎక్కడా రాసి ఉండదు. మీ ఇంజినీరు చెప్పిన "ఏదో ఒక హెడ్" అదే.

సివిల్_పనులు

అమ్మా, మీరు చెప్పింది కరెక్ట్. నేను ఈ ఊళ్లో రోడ్డు, డ్రెయిను పనులు చేసేవాణ్ని. కింద ఏం జరుగుతుందో చెప్తాను.

ఇంజినీరు ఎస్టిమేట్ రాస్తాడు. అది రాసినంత మాత్రాన పని అయిపోదు. ఆ ఏటి ప్రోగ్రామ్ ఆఫ్ వర్క్స్‌లో, అంటే ఆ ఏడాది చేసే పనుల జాబితాలో, ఆ పని పేరు ఎక్కాలి. ఎక్కితే జాబ్ నంబరు పడుతుంది. జాబ్ నంబరు లేని గుంత ఆఫీసు లెక్కలో గుంతే కాదు. ఎమ్మెల్యే లెటర్ పనిచేసేది సరిగ్గా ఈ మెట్టు దగ్గరే. ఎందుకంటే జాబితాకి వచ్చిన ఎస్టిమేట్లు ఉన్న డబ్బు కంటే ఎన్నో రెట్లు ఉంటాయి. ఎవరిది లోపల ఉంచాలి, ఎవరిది తీసేయాలి అని ఎవరో ఒకరు తేల్చాలి.

ఇంకో విషయం. పని పేరు ఎలా రాస్తారో చూడండి. "ఫలానా వార్డులో వివిధ రోడ్లు, డ్రెయిన్ల అభివృద్ధి, పరిసర ప్రాంతాలతో సహా" అని ఉంటుంది. ఏ క్రాసు, ఎన్ని మీటర్లు అని ఉండదు. అలా రాస్తే ఆ డబ్బు ఎవరి ఇంటి ముందుకి పోవాలో తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. పేరు స్పష్టంగా రాస్తే ఆ వెసులుబాటు పోతుంది.

తర్వాత టెండరు, వర్క్ ఆర్డరు, పని, ఎంబీలో (కొలతల పుస్తకంలో) కొలతలు, బిల్లు. బిల్లు సీనియారిటీ లైన్లో నిలబడుతుంది. నెలలు కాదు, ఏళ్లు పడుతుంది ఒక్కోసారి. మధ్యలో ప్రభుత్వం మారితే ఇంకా టెన్షన్. 2023 మేలో ప్రభుత్వం మారగానే పాత ప్రభుత్వం మంజూరు చేసిన పనులు, చెల్లింపులు ఆపమని ఉత్తర్వు వచ్చింది. ఇలాంటిది జరుగుతుందని ముందే తెలుసు కాబట్టి మేం టెండరు వేసే ముందు రేటు ఒక్కటే చూడం. ఆ నియోజకవర్గం ఎవరిది, పైన ఉన్నది ఎవరు అని కూడా చూస్తాం. ప్రతిపక్షం సీటులో పని అంటే కొందరు కాంట్రాక్టర్లు టెండరే వేయరు. అంటే గ్రాంటు వచ్చినా ఆ నియోజకవర్గం ఇంకోసారి నష్టపోతుంది. ఇది పేపర్లో రాని నష్టం.

జయనగర్_4వ_బ్లాక్

మా నియోజకవర్గం గురించి చెప్పాలి. 2023లో జయనగర్ ఫలితం 16 ఓట్ల తేడాతో తేలింది. రీకౌంటింగ్ తర్వాత బీజేపీ గెలిచింది. రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది. 16 ఓట్లంటే ఒక అపార్ట్‌మెంట్‌లో రెండు అంతస్తులు. ఈ సీటు మీద రెండు పార్టీలూ పోటీపడి ఖర్చు పెడతాయని మేమంతా అనుకున్నాం. తీరా 2024 చివర్లో నియోజకవర్గాలకు 10 కోట్ల చొప్పున గ్రాంటు అన్నప్పుడు జాబితాలో జయనగర్ లేదని పెద్ద గొడవైంది.

రాజరాజేశ్వరినగర్ సంగతి అందరికీ తెలిసిందే. తన నియోజకవర్గానికి మంజూరైన 126 కోట్లు వేరే చోట్లకి మళ్లించారని 2023 అక్టోబర్‌లో అక్కడి బీజేపీ ఎమ్మెల్యే మునిరత్న ఆరోపించారు. విధానసౌధ దగ్గర ధర్నా చేశారు, ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అందరూ చూస్తుండగా, అప్పుడు కాంగ్రెస్ ప్రభుత్వంలో ఉప ముఖ్యమంత్రిగా ఉన్న డీకే శివకుమార్ కాళ్లకి మొక్కారు. నాకు ఆ దృశ్యం చూసి చాలా బాధేసింది. ఆయన మంచివారా కాదా అన్నది పక్కన పెట్టండి. లక్షల మంది ఉండే చోటికి రోడ్డు డబ్బు రావాలంటే ఒక మనిషి ఇంకో మనిషి కాళ్లు పట్టుకోవాలా?

ఇది ఒక్క పార్టీ పని కాదు. 2019లో యడియూరప్ప ప్రభుత్వం వచ్చాక బెంగళూరు ప్యాకేజీ పంపకాలు మార్చినప్పుడు ఇదే ఆరోపణ కాంగ్రెస్ వాళ్లు చేశారు. కుర్చీ మారింది, ఆరోపణ చేసే నోరు మారింది.

మోడరేటర్

చర్చ బాగా నడుస్తోంది. ఒక పార్టీని మాత్రమే తిడుతూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. తేదీ, ఊరు, పని పేరు ఉన్న మాటలు రాయండి.

లెక్కల_టీచరమ్మ

@జయనగర్ గారు చెప్పిన 16 ఓట్ల విషయం చాలా విలువైనది, దాని దగ్గర కాస్త ఆగాలి.

ఎకనమిక్స్ వాళ్లలో దీని మీద పాత తగువు ఒకటి ఉంది. కాక్స్, మెక్‌కబిన్స్ అనే ఇద్దరు 1986లో, పార్టీలు తమ గట్టి మద్దతుదారులకే పంచుతాయని వాదించారు. లిండ్‌బెక్, వైబుల్ 1987లో దానికి ఎదురు వాదన తెచ్చారు. గట్టి మద్దతుదారు ఎలాగూ ఓటు వేస్తాడు, కాబట్టి డబ్బు అటూ ఇటూ ఊగే ఓటరు దగ్గరికి పోతుందన్నారు. మన వాడుకలో చెప్పాలంటే కంచుకోటకా, గట్టి పోటీ ఉన్న సీటుకా అన్న ప్రశ్న.

మన దేశంలో చూస్తే రెండూ సగం సగం నిజం. కేంద్రం నుంచి రాష్ట్రాలకు వెళ్లే నిధుల మీద అరుళంపలం, దాస్‌గుప్తా, ధిల్లాన్, దత్తా 2009లో చేసిన అధ్యయనం ఒకటుంది. కేంద్రంలో ఉన్న పార్టీయే రాష్ట్రంలోనూ ఉండి, పైగా ఆ రాష్ట్రంలో పోటీ గట్టిగా ఉంటే, ఆ రెండూ లేని రాష్ట్రం కంటే 16 శాతం ఎక్కువ నిధులు వెళ్లాయని తేలింది. ఇక్కడ "రెండూ ఉంటే" అన్నది ముఖ్యం. ఒక్క పోటీ ఉంటే చాలదు. ఎందుకంటే ఖర్చు పెట్టేవాడు పేరు తనకి రావాలనుకుంటాడు. ప్రతిపక్ష ఎమ్మెల్యే ఉన్నచోట రోడ్డు వేస్తే రిబ్బన్ కత్తిరించేది ఆ ఎమ్మెల్యే. జయనగర్‌లో మీరు చూసింది అదే. పోటీ అంత గట్టిగా ఉంది కాబట్టే ఎదుటివాడికి పేరు రాకూడదన్న పట్టుదల ఇంకా ఎక్కువ.

కంచుకోటల విషయానికి వస్తే, ఎంపీ నిధుల మీద కీఫర్, ఖేమానీ 2009లో రాసిన పేపరు ఉంది. పార్టీకి గట్టి పట్టున్న నియోజకవర్గాల్లో ఎంపీలు తమ నిధి ఖర్చు పెట్టించడానికి తక్కువ శ్రద్ధ చూపారని అందులో తేలింది. డబ్బు కేటాయించి ఉన్నా సరే! సీటు ఎలాగూ తనదేనన్న ధీమా.

వర్తూరు_వాసి

టీచరమ్మా, ఇది చదివాక మా సంగతి కొంత అర్థమవుతోంది. మహదేవపుర 2008లో ఏర్పడినప్పటి నుంచి ఒకే పార్టీ గెలుస్తోంది. ఆ పార్టీ అధికారంలో ఉన్నప్పుడు మాది ఎలాగూ గెలిచే సీటు. లేనప్పుడు మాది ఎదుటి పార్టీ సీటు. రెండు వైపులా మాకు బేరం లేదు.

చిక్కబళ్లాపుర_తెలుగోడు

అన్నా, ఉప ఎన్నిక వస్తే చూడాలి ఈ ఆట. మా తట్టు జరిగింది చెప్తా.

కుమారస్వామి ప్రభుత్వంలో కనకపురకి మెడికల్ కాలేజీ అనుకున్నారు. అది డీకే శివకుమార్ నియోజకవర్గం. 2019లో ప్రభుత్వం పడిపోయింది. అది పడిపోవడానికి కారణమై అనర్హత పడిన 17 మంది ఎమ్మెల్యేలలో మా సుధాకర్ ఒకరు. డిసెంబర్ 5న ఉప ఎన్నిక. అంతకుముందే కొత్త బీజేపీ ప్రభుత్వం కనకపుర కాలేజీని చిక్కబళ్లాపురకి మార్చింది. శివకుమార్ గట్టిగా గొడవ చేశారు. సుధాకర్ బీజేపీ తరఫున గెలిచారు, తర్వాత వైద్య విద్య మంత్రి కూడా అయ్యారు.

ఇప్పుడు నా మనసులో మాట. మాకు ఆ కాలేజీ కావాల్సిందే. అంతకుముందు పెద్ద జబ్బు చేస్తే బెంగళూరుకి పరిగెత్తడమే. మా ఊళ్లో వాళ్లందరికీ సంతోషమే, నాకూ సంతోషమే. కానీ కనకపుర రైతు ఏం పాపం చేశాడని? వాళ్లకీ జబ్బులు వస్తాయి. ఒక ఊరి ఆస్పత్రి ఇంకో ఊరికి పోవడానికి కారణం రోగుల లెక్క కాదు, ఎన్నికల తేదీ. అది తలుచుకుంటే గెలిచినవాళ్లం మేమైనా మనసొప్పదు.

ఇంకొకటి. 2023లో సుధాకర్ ఇక్కడే ఓడిపోయారు. కాలేజీ వచ్చినా ఓడిపోయారు. మళ్లీ 2024లో ఎంపీగా గెలిచారు. కాబట్టి జనం బిల్డింగు చూసి ఓటేస్తారు అనుకోవడం కూడా తప్పే.

కరీంనగర్_నుంచి_కోరమంగల

ఉప ఎన్నిక అంటే మా హుజూరాబాద్ గుర్తుకు రాకుండా ఉంటుందా! 2021లో దళితబంధు పైలట్ పథకానికి రాష్ట్రమంతటిలో ఎంచుకున్న నియోజకవర్గం అదే. ఒక్కో దళిత కుటుంబానికి 10 లక్షల సాయం. ఆ ఒక్క నియోజకవర్గానికి 2,000 కోట్ల దాకా అని చెప్పారు. ఆగస్టులో ప్రారంభం, అక్టోబర్ చివర్లో పోలింగ్. మా చుట్టాలు పక్క నియోజకవర్గంలో ఉంటారు. అదే కులం, అదే పేదరికం, మధ్యలో నియోజకవర్గం గీత. "మన ఎమ్మెల్యే కూడా రాజీనామా చేస్తే బాగుండు" అని ఆ రోజుల్లో జనం నిజంగానే అనుకున్నారు, కొన్ని చోట్ల డిమాండ్ కూడా చేశారు.

ఫలితం తెలుసు కదా, ఈటల రాజేందర్ గెలిచారు. అంటే అంత డబ్బు పెట్టినా అధికార పార్టీ ఓడింది. కానీ డబ్బు మాత్రం అక్కడికే పోయింది. ఓటరు అమ్ముడుపోయాడా లేదా అన్నది ఒక చర్చ. పక్క ఊరివాడికి ఎందుకు రాలేదన్నది ఇంకో చర్చ. మన వాళ్లు మొదటిదే మాట్లాడుకుంటారు. నాకు రెండోదే ముఖ్యం.

లెక్కల_టీచరమ్మ

@కరీంనగర్, మీరన్నదానికి ఆధారం కూడా ఉంది. బాస్కరన్, మిన్, ఉప్పల్ అనే పరిశోధకులు మన దేశంలో ఉప ఎన్నికలు జరిగిన నియోజకవర్గాలను రాత్రిపూట ఉపగ్రహ చిత్రాల్లో చూశారు. ఉప ఎన్నిక ఏడాదిలో అక్కడ వెలుగు పెరిగింది. అంటే కరెంటు ఎక్కువసేపు ఇచ్చారు. సాధారణ ఎన్నికలైతే అన్ని నియోజకవర్గాలకూ ఒకేసారి వస్తాయి కాబట్టి తేడా కనిపెట్టడం కష్టం. ఉప ఎన్నిక ఒక్కచోటే వస్తుంది కాబట్టి దొరికిపోయింది.

కుప్పం_ప్యాసింజర్

నేను కుప్పం నుంచి రైల్లో బెంగళూరుకి పనికి వచ్చేవాణ్ని, ఇప్పుడు కేఆర్ పురంలో ఉంటున్నా. మీరంతా ఊగే సీట్లు, కంచుకోటలు అంటున్నారు. మూడో రకం ఉంది, పెద్దాయన సీటు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు" అని సామెతే ఉంది కదా. చంద్రబాబు గారు 1989 నుంచి మాకు ఎమ్మెల్యే. ముఖ్యమంత్రి ఊరికి రోడ్డు రాదా అని మీరు అనుకోవచ్చు.

కానీ నీళ్ల సంగతి చూడండి. హంద్రీ-నీవా కాలువ మా దాకా రావాలని ఎన్నేళ్లు ఎదురు చూశామో లెక్కలేదు. 2024 ఫిబ్రవరిలో జగన్ గారు వచ్చి కుప్పం కాలువకి నీళ్లు వదిలారు. 2025 ఆగస్టులో చంద్రబాబు గారు వచ్చి జలహారతి ఇచ్చారు. ఒకే కాలువకి ఇద్దరు ముఖ్యమంత్రులు రెండు పండుగలు చేశారు. టీచరమ్మ చెప్పిన పేరు గొడవ ఇదే. మా రైతులకి ఎవరు వదిలినా ఒకటే, నీళ్లు ఆగకుండా రావాలి. పేరు కోసం తగువు పడే చోట కాలువ మరమ్మతుకి ఎవరూ పోటీపడరు. కాలువలో పూడిక తీసినందుకు శిలాఫలకం వేయరు కదా.

సివిల్_పనులు

@కుప్పం తమ్ముడూ, ఈ చివరి మాట బంగారం. కొత్త పనికి బోర్డు ఉంటుంది, మెయింటెనెన్సుకి ఉండదు. బెంగళూరులో కూడా తారు మీద తారు వేయడానికి డబ్బు దొరుకుతుంది, ఆ రోడ్డు పక్క డ్రెయినులో మట్టి తీయడానికి దొరకదు. మట్టి తీయకపోతే నీళ్లు రోడ్డు మీదకి వస్తాయి, తారు లేచిపోతుంది, మళ్లీ తారుకి గ్రాంటు. ఇది ఓట్ల లెక్క వల్ల జరిగే ఇంకో పక్షపాతం. నియోజకవర్గాల మధ్య కాదు, పనుల మధ్య.

శివాజీనగర్_నివాసి

అందరూ చెప్పింది చదివాను. అయితే పరిష్కారం సూత్రం పెట్టడమే అని చాలామంది అంటారు. జనాభాకి ఇంత, వెనుకబాటుకి ఇంత అని ముందే రాసేస్తే సరిపోతుందని. నాకు అనుమానం. సూత్రంలోనూ రాజకీయం ఉంటుంది. కేంద్రం రాష్ట్రాలకు పంచే పన్నుల్లో కర్ణాటక వాటా 14వ ఆర్థిక సంఘంలో 4.713 శాతం, 15వ దానిలో 3.647 శాతానికి పడిపోయింది. అది సూత్రం ప్రకారమే జరిగింది! అందుకే 2024 ఫిబ్రవరిలో ఇక్కడి ప్రభుత్వమంతా ఢిల్లీ వెళ్లి ధర్నా చేసింది. రాష్ట్రానికి అన్యాయం జరిగిందని ఢిల్లీలో కూర్చున్నవాళ్లే, తిరిగి వచ్చాక ఏ నియోజకవర్గానికి ఎంత అన్నది చెప్పకుండా పంచితే ఎలా?

లెక్కల_టీచరమ్మ

మీరు చెప్పిన ఉదాహరణే సూత్రానికి గట్టి సమర్థన అని నేనంటాను. 4.713 నుంచి 3.647 అని మీరు మూడు దశాంశాలతో చెప్పగలుగుతున్నారు. 1971 జనాభాకి బదులు 2011 జనాభా తీసుకోవడం ఎంత దెబ్బ కొట్టింది, తలసరి ఆదాయం ఎక్కువ ఉన్నందుకు ఎంత పోయింది అని విడివిడిగా వాదించగలుగుతున్నారు. కాగితం మీద ఉంది కాబట్టి దాని మీద పోట్లాడవచ్చు. జయనగర్ ఎందుకు జాబితాలో లేదంటే ఏ కాగితం చూపించి పోట్లాడతారు? సూత్రం పెడితే అన్యాయం పోతుందని నేను చెప్పడం లేదు. అన్యాయానికి ఒక చిరునామా ఉంటుంది అంటున్నాను.

కావేరీ ఐదో దశ కూడా చూడండి. ఆలస్యం ఘోరం, దాన్ని సమర్థించను. కానీ అది జపాన్ సంస్థ జైకా రుణంతో, 110 గ్రామాల జాబితా ముందే రాసుకుని చేసిన పని. రోజుకి 77.5 కోట్ల లీటర్ల నీళ్లు. మధ్యలో ప్రభుత్వాలు మారాయి. అయినా ఆ జాబితాలోంచి ఒక పార్టీ ఊరిని తీసేసి ఇంకో పార్టీ ఊరిని పెట్టలేదు. ఎమ్మెల్యే లెటర్ మీద నడిచే పనికీ, జాబితా మీద నడిచే పనికీ ఉన్న తేడా అది.

జయనగర్_4వ_బ్లాక్

ఇందులో ఇంకో సంగతి మర్చిపోతున్నాం, కార్పొరేటర్. బీబీఎంపీకి చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 ఆగస్టులో. ఆ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబర్‌లో ముగిసింది. ఆ తర్వాత ఐదేళ్లు దాటినా ఎన్నికలు లేవు. వార్డులు 198 నుంచి 243 అన్నారు, తర్వాత 225 అన్నారు. 2025 సెప్టెంబర్‌లో ఐదు కార్పొరేషన్లు చేశారు. గీతలు గీస్తూనే ఉన్నారు. ఇన్నాళ్లూ వార్డు డబ్బు మీద మాట చెల్లింది ఎవరికి? ఎమ్మెల్యేకి, అధికారికి. ఎమ్మెల్యేకి పైన ప్రభుత్వంతో పార్టీ సంబంధం. మోరీ పని కూడా విధానసౌధ రాజకీయంలోకి వెళ్లిపోయింది.

సివిల్_పనులు

కార్పొరేటర్లు ఉన్నప్పుడు అంతా బాగుందని అనుకోకండి సార్. వార్డు గ్రాంటులో మనవాళ్ల వీధి, అవతలివాళ్ల వీధి అన్నది అప్పుడూ ఉంది. కానీ ఒకటి నిజం. కార్పొరేటరు ఇల్లు జనానికి తెలుసు. పొద్దున్నే గుమ్మం ముందు నిలబడితే మాట్లాడాల్సిందే. ఆరు లక్షల మందికి ఒక ఎమ్మెల్యే అంటే ఆయన పీఏ దాకా చేరుకోవడమే గగనం.

కుప్పం_ప్యాసింజర్

@వర్తూరు_వాసి అన్నా, ఒక్క మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. మీ లేఅవుట్‌లో తెలుగువాళ్లు ఎంతమందికి ఇక్కడ ఓటుంది? 2024లో ఏప్రిల్ 26న బెంగళూరులో పోలింగ్, మే 13న ఆంధ్రలో పోలింగ్. ఏప్రిల్‌లో మన వాళ్లు ఇంట్లో ఉన్నారు. మేలో బస్సులు, రైళ్లు కిటకిటలాడాయి. పన్ను ఇక్కడ, ఓటు అక్కడ. ఎమ్మెల్యే ఆఫీసులో ఓటరు లిస్టు చూస్తారు గానీ పన్ను రసీదు చూడరు.

వర్తూరు_వాసి

తప్పేం లేదు తమ్ముడూ. మా దగ్గర తెలుగు ఇళ్లలో ఎక్కువమందికి ఓటు ఊళ్లోనే ఉంది. నాకు మాత్రం ఇక్కడే ఉంది.

నెల్లూరు_అమ్మాయి_బెళ్లందూరు

నాకు ఊళ్లోనే ఓటుంది, అది అక్కడే ఉంచుకుంటాను. అమ్మానాన్న అక్కడ ఉన్నారు. వాళ్ల పింఛను, వాళ్ల ఆస్పత్రి, మా పొలం నీళ్లు, ఇవన్నీ నాకు బెళ్లందూరు రోడ్డు కంటే ముఖ్యం. నేను ఇక్కడ అద్దెకి ఉంటున్నాను, రెండేళ్ల తర్వాత ఎక్కడుంటానో తెలియదు. నేను ఓటు వేయనంత మాత్రాన నా వీధికి దీపం వేయకూడదు అంటే అది న్యాయమా? బీహార్ నుంచి వచ్చి మన అపార్ట్‌మెంట్లు కట్టిన కూలీకి కూడా ఇక్కడ ఓటు లేదు. అతని షెడ్డు ముందు కూడా మోరీ ఉండాలి కదా. ఓటు ఉన్నవాడికే పని అన్న లెక్కని మనం ఒప్పేసుకుని, అందరూ ఓటు మార్చుకోండి అంటే ఆ కూలీని మర్చిపోయినట్టే.

శివాజీనగర్_నివాసి

అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఓటు మార్చుకోవాలనుకునే వాళ్లు ఫారం 8 పెట్టుకోవచ్చు, రెండు చోట్ల ఓటు ఉంచుకోవడం మాత్రం చట్టరీత్యా నేరం. కానీ దాన్ని మన సమస్యకి మందుగా చూపించకూడదు.

వర్తూరు_వాసి

నిజమే. అందుకే మా అసోసియేషన్ తరఫున ఎమ్మెల్యే లెటర్ కోసం తిరగడంతో పాటు ఇంకో పని కూడా పెట్టుకున్నాం. సమాచార హక్కు దరఖాస్తు వేస్తున్నాం. చిత్తు ప్రతి ఇది, సరిచూడండి:

"గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో మా నియోజకవర్గానికి ఎన్ని నిధులు వచ్చాయి, ఏ ఏ పనులకు ఖర్చు పెట్టారు, మిగతా నియోజకవర్గాలకు ఎన్ని ఇచ్చారు, ఏ ప్రాతిపదికన పంచారు, మా రోడ్డు పని ఎందుకు చేపట్టలేదు, ఎప్పుడు చేపడతారు, తెలియజేయగలరు."

సివిల్_పనులు

సార్, ఇది ఇలా వేస్తే తిరిగొస్తుంది. కర్ణాటక నిబంధనల్లో ఒక దరఖాస్తుకి ఒకే విషయం, 150 మాటల లోపు ఉండాలి. మీరు నాలుగు విషయాలు కలిపారు. "ఎందుకు చేపట్టలేదు" అని అడిగితే "ఇది సమాచారం కిందకి రాదు" అని రాసి పంపుతారు. కారణం అడగకండి, కాగితం అడగండి. మూడు వేరువేరు దరఖాస్తులు వేయండి, ఒక్కోదానికి 10 రూపాయల ఫీజు.

మొదటిది: ఫలానా ఏడాది ప్రోగ్రామ్ ఆఫ్ వర్క్స్ నకలు, మీ వార్డు వరకు, జాబ్ నంబరు, బడ్జెట్ హెడ్, మొత్తంతో సహా. రెండోది: మీ రోడ్డు ఎస్టిమేట్ నకలు, అది ఏ తేదీన ఏ ఆఫీసుకి పంపారో ఆ ఫైలు నోట్ షీటు. మూడోది టీచరమ్మ చెప్పాలి.

లెక్కల_టీచరమ్మ

మూడోది: అదే ఏడాది ప్రత్యేక గ్రాంట్లు మంజూరు చేసిన ప్రభుత్వ ఉత్తర్వు నకలు, నియోజకవర్గాల వారీ అనుబంధ పట్టికతో సహా. ఆ పట్టిక ఒక్కటి చేతికి వస్తే 28 నియోజకవర్గాలనూ ఓటర్ల సంఖ్యతో భాగించి, ఎమ్మెల్యే ఏ పార్టీ, ఎంత తేడాతో గెలిచారు అని పక్కన రాసి ఇక్కడే పెడతాను. ఇది కార్పొరేషన్ ఆఫీసులో దొరకదు, నగరాభివృద్ధి శాఖకి వేయాలి.

వర్తూరు_వాసి

సరేనమ్మా. మొదటి రెండూ మా అసోసియేషన్ పేరు మీద కాకుండా నా పేరు మీద వేస్తాను, దరఖాస్తు వ్యక్తిగా వేస్తేనే చిక్కు ఉండదని మా సెక్రటరీ అన్నారు. మూడోది జయనగర్ వాళ్లు ఎవరైనా వేస్తే బాగుంటుంది.

జయనగర్_4వ_బ్లాక్

నేను వేస్తాను. సోమవారం పోస్టు చేసి రసీదు ఫొటో ఇక్కడ పెడతాను.